కంచరగాడిదలు దిగిన పచ్చిక

తెగిన గడ్డి వాసన.

మంచు ఇంకా ఆరని పొద్దుటి వేళ, కొడవలి వాలుకి వరసగా పడుకున్న గడ్డి వాసన. పచ్చిగా... కొంచెం తియ్యగా... ముక్కులోంచి తిన్నగా గొంతులోకి దిగే వాసన.

స్‌స్‌ — ఒక అడుగు. స్‌స్‌ — ఇంకో అడుగు.

వెల్డా క్రోగ్ కోస్తోంది.

రెండు చేతులతో పట్టే పొడుగు కర్ర కొడవలి. అరవై ఏడేళ్ల నడుం. ఆ నడుం లోపల నాలుగు స్టీలు మేకులు. చలి పొద్దున్న ముందు మేకులు లేస్తాయి, తరవాత ఆమె లేస్తుంది.

చుట్టూ పైన్ చెట్లు. కింద నది. పైన ఒక ముక్క ఆకాశం.

ఐడహో కొండల్లో, విలో ఫోర్క్ నది వంపు తిరిగే చోట, పదహారు వందల అడుగుల పచ్చిక అది. చిన్న విమానాలు దిగే పచ్చిక. ఒక కొసన నీళ్లు, ఇంకో కొసన కొండ. దిగితే నది వైపు నుంచే దిగాలి. లేస్తే నది వైపుకే లేవాలి. మధ్యలో మనసు మార్చుకోవడానికి చోటు లేదు.

దాని పేరు లేమ్ మేర్. కుంటిగుర్రం. ఏ గుర్రమో, ఏ కాలు కుంటిదో, చెప్పగలిగినవాళ్లు ఎప్పుడో పోయారు.

సర్కారు నేల. అంటే అందరిదీ.

అందరిదీ కాబట్టే గడ్డి కోసే చెయ్యి ఒక్కటే.

ఈ అడవిలో మోటారు మోగకూడదని చట్టం. మోటారు రంపం కూడదు. గడ్డి కోసే యంత్రం కూడదు. సైకిలు చక్రం కూడా తిరగకూడదు. విమానం మాత్రం దిగొచ్చు — చట్టం పుట్టకముందు నుంచీ దిగుతోంది కాబట్టి, జనం వాడుతున్నంత కాలం దిగొచ్చు. ఆ చట్టాన్ని వెల్డా ఏనాడూ తిట్టలేదు. చట్టం మంచిదే. దాని చుట్టూ చేరిన మనుషులే.

ముప్పై ఒక్క జూన్ నెలలు. ప్రతి జూన్‌లో రెండు కంచరగాడిదల మీద సరంజామా వేసుకుని, మూడు రోజుల కొండదారి నడిచి వస్తుంది. నేల ఉడతలు తవ్విన బొరియలు పూడుస్తుంది. ఎల్క్ దుప్పుల మందలు కుళ్లగించిన చోట మట్టి చదును చేస్తుంది. అంచున పేర్చిన తెల్లరాళ్లకి మళ్లీ సున్నం పూస్తుంది. చక్రం ఒక్క బొరియలో పడితే విమానం ముక్కు మీద నిలబడుతుంది. అందులో మనిషి ఎలా నిలబడతాడో ఆమె చూసింది ఒకసారి. అందుకే పూడుస్తుంది.

ఆమెకి విమానం నడపడం రాదు. ఎక్కితే కడుపులో తిప్పుతుంది.

ఆ జూన్‌లో, పచ్చిక కొసన ఉన్న కర్రస్తంభానికి ఒక కాగితం కొట్టి ఉంది. వానకి తడవకుండా ప్లాస్టిక్ తొడుగు. నాలుగు మూలలా నాలుగు మేకులు — అంత శ్రద్ధ పచ్చిక మీద ఎవరూ చూపించలేదు.

వెల్డా కొడవలి కిందపెట్టి చదివింది.

ఈ రన్‌వేను ప్రజలు వాడుతున్న దాఖలా చాలదు. కాబట్టి మూసివేసే ప్రతిపాదన ఉంది. గుంటలు తవ్వి, మొక్కలు నాటి, నేలను దాని సహజ స్థితికి తెస్తారు. డ్రమ్మాక్ ఊళ్లో బహిరంగ విచారణ. ఆ తరవాత శుక్రవారం సాయంత్రం అయిదింటి దాకా రాతపూర్వకంగా చెప్పుకోవచ్చు.

సహజ స్థితి...

ఆమె ఉమ్మింది. కాగితం మీద కాదు. కాగితం పక్కన.

ఆ స్తంభానికే ఒక ఇనప పెట్టె. పెట్టెలో రిజిస్టరు. అయిదేళ్ల కింద అటవీ కార్యాలయం వాళ్లు పెట్టారు. దిగినవాళ్లు పేరు రాయాలి. విమానం నంబరు రాయాలి. వచ్చిన పని రాయాలి. అంతే. మూడు గడులు.

ఆ మూడు గడులే పచ్చికని తినేశాయి.

తినిపించింది ఎవరు? వెల్డా పెట్టె మూత తీసి మొదటి పేజీ చూసింది. చూడక్కర్లేదు. తెలుసు. మొదటి గీత మీద ఉన్నది తన రాత.

పేరు — మిసెస్ ప్రూన్స్. విమానం నంబరు — నాలుగు కాళ్లు. వచ్చిన పని — మేయడం.

మిసెస్ ప్రూన్స్ ఆమె ముందు గాడిద. వెనక గాడిద పేరు డీకన్. పెట్టె కొత్తగా పెట్టిన రోజు, సర్కారుకి లెక్కలు కావాలట అని పళ్లు కొరుక్కుంటూ, ఆ గీత రాసింది. రాసి నవ్వుకుంది. నవ్వుకుని మరిచిపోయింది.

పైలట్లు మరిచిపోలేదు.

ఆ తరవాత దిగిన మొదటివాడు చదివి పడీపడీ నవ్వాడు. తనూ మిసెస్ ప్రూన్స్ అని రాశాడు. వాడి తరవాతివాడు డీకన్ అని రాశాడు. అది మర్యాద అయిపోయింది. ఆచారం అయిపోయింది. కుంటిగుర్రంలో దిగి సొంత పేరు రాసేవాణ్ణి పట్నంవాడు అనుకోవడం మొదలుపెట్టారు. ఓసారి మిసెస్ ప్రూన్స్ టెక్సస్ నుంచి కూడా వచ్చింది. ఓసారి కవల పిల్లలతో వచ్చింది. కంచరగాడిదకి పిల్లలు పుట్టవని తెలిసినవాళ్లకి అది ఇంకా పెద్ద నవ్వు.

అయిదేళ్లు నవ్వారు.

నవ్వినంత సేపూ పచ్చిక కాగితం మీద ఖాళీ అవుతూ వచ్చింది.

వెల్డా పేజీలు తిప్పింది. రెండేళ్ల కిందటి ఆగస్టు దగ్గర వేలు ఆగింది. ఆగి, అక్కడే ఉండిపోయింది.

ఆ ఆగస్టు కొండలన్నీ తగలబడుతున్నాయి. దారి మీద డీకన్ కాలు జారింది. జారి ఆమె మీద దొర్లింది. నడుం ఎముక విరిగిన చప్పుడు ఆమెకి వినిపించింది — ఎండు కొమ్మ విరిచినట్టు. చేతిలో ఉన్న చిన్న ఉపగ్రహ పరికరంలోంచి ఊరికి కబురు పంపింది. పాక్కుంటూ, పాక్కుంటూ, పచ్చిక దాకా వచ్చింది. హెలికాప్టర్లన్నీ మంటలార్పే పనిలో ఉన్నాయన్నారు. పొగలో ఎవరూ రాలేరన్నారు. ఓపిక పట్టమన్నారు.

డెల్మర్ స్ట్రూబ్ వచ్చాడు.

డెబ్బై దాటిన మనిషి. పసుపు రంగు విమానం. గుండెకి స్టెంటు వేసి అప్పటికి ఆరు నెలలు. ఎగరడానికి డాక్టరు ఇవ్వాల్సిన కాగితం ఇవ్వలేదు. ఆ కాగితం లేకుండా ఎగిరితే జీవితాంతం నేల మీద కూచోబెడతారు. అయినా ఎగిరాడు. పొగలో నదిని పట్టుకుని, నది చప్పుడు కూడా వినిపించని మోటారు రొదలో, తెల్లరాళ్లు కనబడ్డాక ఒక్కసారే దిగాడు.

ఆ రాళ్లకి సున్నం పూసింది ఆమే.

ఆమెని ఎక్కించాడు. పొగ కాస్త విడేదాకా పావుగంట ఆగాల్సి వచ్చింది. ఆ పావుగంటలో ఊరికే నిలబడలేక, పెట్టె తెరిచి, రిజిస్టరులో రాశాడు.

మిసెస్ ప్రూన్స్. వచ్చిన పని — చెత్త తీసుకెళ్లడం.

రాసింది ఆమెకి చదివి వినిపించాడు కూడా. విరిగిన నడుంతో నవ్వింది. నవ్వితే ప్రాణం పోయినంత పనయింది.

ఊళ్లో ఆస్పత్రిలో అడిగారు, ఎలా వచ్చావని. డెల్మర్ పేరు చెబితే వాడి రెక్కలు పోతాయి. గాడిద మీద వచ్చానంది. మూడు రోజుల దారి... విరిగిన నడుంతో... గాడిద మీద. డాక్టరు నవ్వలేదు. నమ్మలేదు. రాసుకున్నాడు.

ఊరు నమ్మింది. ఊరికి అలాంటివి కావాలి. ఆరు నెలలయ్యేసరికి మిసెస్ ప్రూన్స్ బొమ్మ గీసిన బీరు గ్లాసులు వచ్చాయి.

వెల్డా రిజిస్టరు మూసింది. పెట్టె మూసింది. మిగిలిన గడ్డి కోసింది. మూసేస్తారని తెలిసినా, సగం కోసి వదిలేయడం ఆమె వల్ల కాలేదు.

స్‌స్‌ — అడుగు. స్‌స్‌ — అడుగు.

డ్రమ్మాక్‌లో మర్నా నడిపే హోటల్. కిటికీ పక్క బల్ల పైలట్లది. ఆరు టోపీలు. ఆరు కాఫీ కప్పులు. గుడ్లు, ఆలూ వేపుడు, ఎంతకీ అయిపోని కబుర్లు. ఆ కాగితం సంగతి వాళ్లకి ముందే తెలుసు. స్వేచ్ఛ గురించి మాట్లాడుతున్నారు. తాతలు కొండల్లో చెమటోడ్చి చదును చేసిన పచ్చికల గురించి మాట్లాడుతున్నారు. ఆఫీసులో కుర్చీలకి అతుక్కుపోయినవాళ్లు ఆకాశానికి తాళం వేస్తున్నారని మాట్లాడుతున్నారు.

వెల్డా నిలబడే అడిగింది. విచారణలో లేచి, ఫలానా రోజు దిగింది నేనే అని, అసలు పేరుతో ఎంతమంది చెబుతారని.

కాఫీ కప్పులు పైకి లేచాయి. టోపీలు కిందికి దిగాయి.

ఒకడి విమానానికి ఏటేటా చేయించాల్సిన తనిఖీ రెండేళ్లుగా లేదు. ఇంకొకడు తను దిగిన వారమంతా బోయిసీ పట్నంలో తమ్ముడింట్లో ఉన్నానని పెళ్లాంతో చెప్పాడు. మూడోవాడు కారణమే చెప్పలేదు — సర్కారుకి పేరు ఇవ్వడం తన వంశంలో లేదన్నాడు.

వీళ్లకి స్వేచ్ఛంటే అదే. ఎవడికీ పేరు చెప్పకపోవడం.

ఆకాశమంత ఛాతీలు. గడిలో పట్టేంత పేరు రాయడానికి చెయ్యి రాదు.

డెల్మర్ మూలకి కూచుని ఉన్నాడు. ప్లేటులో ఆపిల్ పై ముక్కని ఫోర్కుతో అటూ ఇటూ తోస్తున్నాడు. ఆమె వాడి వైపు చూడలేదు. చూస్తే అడిగినట్టవుతుంది.

విచారణ బడి వ్యాయామశాలలో. మధ్యాహ్నం రెండింటికి. బాస్కెట్‌బాల్ వల కింద బల్ల. బల్ల వెనక రేంజర్ — థియా ఆన్‌స్టెడ్ అని నలభై ఏళ్ల మనిషి. మూడేళ్లయింది ఈ అడవికి వచ్చి. కుంటిగుర్రాన్ని ఒక్కసారి చూసింది, హెలికాప్టర్‌లోంచి.

ఆమె మీద వెల్డాకి కోపం ఎందుకంటే — ఆమె ఒక్క అబద్ధం కూడా ఆడలేదు.

రిజిస్టరు తెరిచి, చదివింది. అయిదేళ్లలో రెండు వందల పద్నాలుగు సార్లు దిగినట్టు రాసి ఉంది. మిసెస్ ప్రూన్స్, ఎనభై ఆరు. డీకన్, అరవై మూడు. డీకన్ గారి భార్య, పంతొమ్మిది. అలాంటివే మరికొన్ని. మనిషి అని నిర్ధారించుకోగలిగిన పేర్లు, తొమ్మిది.

హాలంతా నవ్వింది.

ఆన్‌స్టెడ్ ఆ నవ్వు ఆగేదాకా చేతులు కట్టుకుని కూచుంది. నవ్వు దానంతట అదే సిగ్గుపడి ఆగింది.

తరవాత గ్రాంట్ వెదర్బీ లేచాడు.

నది వెంట అయిదు మైళ్ల దిగువన వాడికి సొంత నేల ఉంది. సొంత నేల మీద సొంత రన్‌వే ఉంది. చేపలు పట్టడానికి వచ్చే డబ్బున్నవాళ్లకి నిశ్శబ్దాన్ని వారాల లెక్కన అమ్ముతాడు. ఆ నిశ్శబ్దం కొనుక్కోవడానికి వాళ్లు పెద్ద మోటార్ల విమానాల్లో వస్తారు. వాళ్ల మోటారు మోటారు కాదు కాబోలు. కుంటిగుర్రం మూతపడితే పైనున్న నదంతా వాడి అతిథులదే.

మెత్తగా మాట్లాడాడు. చేతులు రెండూ గుండె దగ్గర పెట్టుకున్నాడు. ఈ కొండలకి విశ్రాంతి కావాలన్నాడు. ఎల్క్ తల్లులకి ప్రశాంతత కావాలన్నాడు. గట్టిగా ఏడుస్తాడేమో అనిపించింది. ఆపద వస్తే రన్‌వే కావాలి కదా అంటారేమో అని, తనే అందుకున్నాడు.

"మన వెల్డా గారి సంగతి ఈ ఊళ్లో తెలియనిదెవరికి? నడుం విరిగినా గాడిద మీద బయటికి వచ్చారావిడ. ఈ కొండల మనుషులకి విమానం అక్కర్లేదండీ. వాళ్ల సత్తా అది."

చప్పట్లు కొట్టారు. పైలట్లు కూడా కొట్టారు. అలవాటు.

ఆమె గురించి ఆమె చెప్పిన అబద్ధం, వాడి నోట్లో ఎంత నున్నగా ఉందో.

వెల్డా లేచింది. మేకులు ముందు లేచాయి.

"గాడిద మీద రాలేదు నేను."

చప్పట్లు ఆగిపోయాయి.

"ఆ పుస్తకంలో ఆగస్టు పంతొమ్మిది చూడమ్మా. వచ్చిన పని, చెత్త తీసుకెళ్లడం అని ఉంటుంది. ఆ చెత్త నేనే."

ఆన్‌స్టెడ్ పేజీలు తిప్పింది. వెతికింది. దొరికింది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

వెల్డా అక్కడితో ఆగలేదు. మొదటి పేజీ మొదటి గీత కూడా తనదేనంది. ఈ గాడిదల సంతకాలు మొదలుపెట్టిన గాడిద తనేనంది. ఆస్పత్రిలో అబద్ధం రాయించింది కూడా తనేనంది. ఒక్కొక్కటీ బరువు దింపినట్టు దింపింది — జీను, మూటలు, తాళ్లు.

"విమానం నడిపిందెవరు మేడమ్?"

రేంజర్ గొంతు మెత్తగానే ఉంది. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది.

వెల్డా బాస్కెట్‌బాల్ వల వైపు చూసింది. వెనక ఆరు టోపీలు. ఆరో టోపీ కింద ఒక గుండె, దాని లోపల ఒక స్టెంటు. అంత దూరం నుంచి వినబడదని తెలిసినా చెవి పెట్టింది.

కుర్చీ కిర్రుమనాలి. ఒక్క కుర్చీ.

కిర్రుమనలేదు.

"అది నా నోట రాదమ్మా."

"నడిపినవాళ్ల పేరు లేకుండా నేను లెక్కలోకి తీసుకోలేనండీ. శుక్రవారం అయిదింటి దాకా వచ్చి సంతకం పెట్టొచ్చు. ఎవరైనా సరే."

చివరి మాట అన్నప్పుడు ఆన్‌స్టెడ్ వెల్డాని చూడలేదు. వెనక వరసని చూసింది. ఆ చూపు పెద్ద నేరస్థుణ్ణి వెతికే చూపు కాదు. తలుపు తీసి పట్టుకున్నట్టుగా ఉంది. ఆమె మీద కోపం ఉంచుకోవడం వెల్డాకి ఇంకొంచెం కష్టమైంది.

బయట, పార్కింగులో, డెల్మర్ ఆమె బండి పక్కకి వచ్చాడు. టోపీ చేతిలో ఉంది.

"నా పేరు చెప్పేస్తావనుకున్నా."

"అనుకుంటూ కూచున్నావుగా."

"లైసెన్సు పోద్ది వెల్డా. రెక్కలు పోయాక నేనేం చేసుకోను?"

"రన్‌వే పోయాక ఆ రెక్కలు ఎక్కడ ఆనుస్తావురా?"

వాడు నేల చూశాడు. చీకటి పొగలో తెల్లరాళ్లు వెతుక్కున్న కళ్లు. ఇప్పుడు తారు రోడ్డు మీద ఏదో వెతుక్కుంటున్నాయి.

ఆమెకి వాణ్ణి కొట్టాలనిపించింది. ఆ చెంప మీద ముద్దు పెట్టాలనీ అనిపించింది. రెండూ చేయకుండా బండి ఎక్కింది.

సోమవారం పోయింది. బుధవారం పోయింది.

కిటికీ బల్ల దగ్గర స్వేచ్ఛ గురించి కబుర్లు సాగుతూనే ఉన్నాయని మర్నా చెప్పింది. వెదర్బీ బడికి కొత్త బాస్కెట్‌బాల్ వలలు కొనిపెట్టాడని కూడా చెప్పింది. డెల్మర్ రావడం లేదంది. విమానం షెడ్డు తలుపులు తీసే ఉన్నాయంది. పసుపు విమానాన్ని బయటికి లాగి, కడిగి, మళ్లీ లోపల పెడుతున్నాడంది. రోజూ.

శుక్రవారం నాలుగింటికి వెల్డా అటవీ కార్యాలయానికి వెళ్లింది. ఆగస్టు పంతొమ్మిది గురించి రెండు పేజీలు రాసుకొచ్చింది. పొగ. నది. తెల్లరాళ్లు. ఒక్కసారే దిగిన తీరు. నడిపినవారి పేరు అన్న చోట గీత ఖాళీగా ఉంది. కింద తన సంతకం — వెల్డా మే క్రోగ్. పూర్తి పేరు. బడి వదిలేశాక అంత శ్రద్ధగా ఆ పేరు ఎప్పుడూ రాయలేదు.

ఆన్‌స్టెడ్ తీసుకుంది. ఖాళీ గీత చూసింది. ముద్ర కొట్టింది. నాలుగూ ముప్పై అయిదు.

వెల్డా బయటికి వచ్చింది.

కార్యాలయం ముందు పచ్చిక. జెండా కర్ర చుట్టూ గుండ్రంగా, ముచ్చటగా, ఏ విమానం దిగని పచ్చిక. చెవులకి మూతలు పెట్టుకున్న మనిషి ఒకడు మోటారు బండి మీద కూచుని దాన్ని కోస్తున్నాడు. నిన్న కోసినట్టే ఉంది. అయినా కోస్తున్నాడు. ఒక గీత అటు, ఒక గీత ఇటు. ఒక్క బొరియ లేదు. ఒక్క రాయి లేదు.

అవతలి వరసలో డెల్మర్ పికప్ ఆగి ఉంది.

అద్దాలు పైకి ఎత్తి ఉన్నాయి. ఎండ అద్దం మీద పడి లోపల మనిషి పూర్తిగా కనబడడం లేదు. స్టీరింగ్ మీద రెండు చేతులు మాత్రం కనబడుతున్నాయి. దిగుతున్నప్పుడు పట్టుకున్నట్టు పట్టుకున్నాడు.

అక్కడ నది లేదు. కొండ లేదు. మనసు మార్చుకోవడానికి కావలసినంత చోటు.

ఆమె పిలవలేదు. చెయ్యి ఎత్తలేదు. తన బండిలో కూచుని, తాళం తిప్పకుండా, ముందుకే చూసింది. నాలుగూ నలభై రెండు... నాలుగూ నలభై ఆరు...

మోటారు బండి మలుపు తిరిగి వచ్చింది. కిటికీలోంచి వాసన లోపలికి కొట్టింది.

తెగిన గడ్డి వాసన. పెట్రోలు కలిసిన వాసన. గొంతు దాకా వచ్చి... దిగకుండా... అక్కడే నిలబడింది.